గాలిమరల బాటలో రాక్షసగుళ్ళు

అనంతపురము జిల్లాలో ఉరవకొండ, బెళుగుప్ప, కళ్యాణదుర్గము ప్రాంతములకు పోవు బాటసారికి నేడు మొదట కనబడునవి కోటలు కావు, గోపురములు కావు. మిట్టలమీద బారులు తీరి నిలిచిన గాలిమరలు. పల్లెజనము వీనిని 'ఫ్యాన్లు' అని పిలుచుచున్నారు. వానకై ఆకాశమువంక చూచి చూచి కన్నులు కాయలు గాచిన సీమలో, ఆ ఆకాశమున తిరుగు గాలినుండియే విద్యుత్తును పిండుకొనుట మెచ్చదగిన పనియే. 1990వ దశకమున రామగిరి కొండలపై కొలదిగా మొదలైన ఈ పని క్రమముగా విస్తరించి కొండకొమ్ములను దాటి మెట్టపొలములలోనికి దిగినది. బొగ్గును కాల్చక, నదిని కట్టక పుట్టు వెలుగును కాదనువాడెవ్వడు?

అయితే ఆ మిట్టలు ఏనాడును ఉత్త మిట్టలు కావు. నలుదిక్కులు కనబడుచోటు, గాలి ఆడుచోటు, వరద యెక్కనిచోటు అని నేటి ఇంజనీరు ఏ గట్టును ఎన్నుకొనుచున్నాడో, నాలుగువేల యేండ్ల క్రిందటి పశుపాలకుడును అట్టి గట్టునే ఎన్నుకొని గుడిసె వేసికొనెను. అతని తరువాతివాడు అక్కడనే తనవారిని పూడ్చి రాళ్ళు నిలిపెను. మరి కొన్ని వందల యేండ్లకు పాళెగాని బంటు అక్కడనే బురుజు కట్టి కావలి కాచెను. నేల ఒక్కటే, దానిమీద అక్షరములు అనేకములు. క్రొత్త అక్షరము వ్రాయుటకు ముందు పాత అక్షరములను చదివి ఎత్తి వ్రాసికొంటిమా, లేదా అనునదే ఇచ్చటి ప్రశ్న.

ఆ అక్షరములు ఎట్టివో కొంచెము చూడవలెను. కళ్యాణదుర్గము చెంత ముదిగల్లు, గొల్లపల్లె పొలిమేరలలో రాతిపలకలను నాలుగువైపుల నిలిపి, పైన పెద్దబండను మూతగా వేసిన కట్టడములు కలవు. ఇట్టివానిలో ఒక పలకకు గుండ్రని కంత ఉండుట పరిపాటి. జనులు వీనిని రాక్షసగుళ్ళనియు, పాండవుల గుళ్ళనియు చెప్పుకొందురు. ఇవి గుళ్ళు కావు. ఇనుమును వాడనేర్చిన తొలితరములవారు తమ మృతులకు కట్టిన యిండ్లు. అంత బండను మనుష్యుడు ఎత్తగలడా యను ఆశ్చర్యమునుండి రాక్షసులు పుట్టిరి. ఆ ఆశ్చర్యము మాత్రము అబద్ధము కాదు.

అదే ప్రాంతమున పాలవాయి యను గ్రామమున బూడిదదిబ్బ యొకటి కలదు. ఇట్టి దిబ్బలు బళ్ళారి, రాయచూరు, పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలలోను ఉన్నవి. ఇవి రాక్షసుల చితాభస్మమని జనశ్రుతి. పండితులు సైతము చాలకాలము తలకొక ఊహ చేసిరి. 1957లో ఆల్చిన్ అను పురాతత్త్వవేత్త ఉట్నూరు దిబ్బను త్రవ్వినప్పుడు బూడిదపొరల నడుమ పశువుల గిట్టల జాడలు బయల్పడినవి. అప్పటికి సంగతి తేలినది: అది నవీన శిలాయుగపు పశువులదొడ్డి. పేడ పేరుకొనగా దానిని మరల మరల కాల్చిరి. ఒక గిట్ట గురుతు నాలుగువేల యేండ్లు నిలిచి, ఒక జాతి బ్రతుకుతెరువును చెప్పినది. ఆ పొరను ఒక యంత్రము ఒక్క పూటలో ఎత్తిపోసియున్నచో ఆ మాట చెప్పువారెవ్వరు?

ఇవి పేరుకెక్కినవి. పేరుకెక్కనివే ఎక్కువ. దుక్కిలో నాగటికి తగులు నున్నని రాతిగొడ్డలి; ఎఱుపును నలుపును కలిసిన కుండపెంకు; కొలిమి ఆరి ఎన్ని శతాబ్దములో అయినను చేనిగట్టున పడియున్న చిట్టెపు ముద్ద; బండమీద గొడ్డండ్లు నూరగా పడిన గాడి; పశువులను కాచి ప్రాణము విడిచినవానికి ఊరివారు నిలిపిన వీరగల్లు; రైతులు ఎరువుగా తోలుకొను పాటిమన్ను. పాటిదిబ్బ యన్నచో పాతయూరు గిట్టిన చోటని ముసలివారెరుగుదురు. ఆ మన్ను పంటకు బలమని రైతెరుగును. చరిత్రకును బలమేయని పాఠశాల చెప్పవలెను.

ఇక గాలిమర చేయు నష్టమెంత? స్తంభము కాలూను చోటు నిజముగా చిన్నది. పునాదిగొయ్యి సుమారు పదునైదు, ఇరువది మీటర్ల వెడల్పు, రెండు మూడు మీటర్ల లోతు. చూడబోయిన అసలు ముప్పు స్తంభము కాదు, స్తంభమునకు పోవు బాట. ఒక్కొక్క రెక్క ఏబది మీటర్లకు మించిన పొడవుగలది. దానిని మోయు బండి కొండమలుపున తిరుగవలెనన్న గట్టును చెక్కవలెను, వంకను పూడ్చవలెను. క్రేను నిలుచుటకు నేల చదును కావలెను. తీగలు పాతుటకు కాలువ కావలెను. బాటకు పరచుటకు రాయి కావలెను. ఆ రాయి దగ్గరలో గుండ్రముగా పేర్చియున్నచో కూలివానికి శ్రమ తగ్గెనను సంతోషమేగాని, అది సమాధివలయమను తలపు కలుగదు. అతని తప్పేమియు లేదు. అతనికి చెప్పినవారు లేరు. చెప్పవలసినవారి చేతిలో పట్టిక లేదు.

చట్టము లేదా యని విద్యార్థి అడుగవచ్చును. కలదు. 1958 నాటి కేంద్రచట్టమును 2010లో సవరించి, రక్షిత కట్టడమునకు నూరు మీటర్లలోపల నిర్మాణమును నిషేధించి, ఆపైన రెండువందల మీటర్లవరకు నియంత్రించిరి. రాష్ట్రమునకును 1960 నాటి చట్టము కలదు. కాని చట్టము కాపాడునది జాబితాలో నున్నదానిని. రాక్షసగుళ్ళు, బూడిదదిబ్బలు, పాటిమిట్టలు చాలవరకు ఏ జాబితాలోను లేవు. జాబితాకెక్కినవానికే పూర్తి భద్రత లేదు: తనిఖీ చేసిన రక్షిత కట్టడములలో 92 కానరాలేదని 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక తెలిపినది. వానిలో కొన్నిటిని పిదప గుర్తించిరి. మరియొక వైపున, 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటనలోని పట్టికలో గాలివిద్యుత్తు చేరలేదు. అనగా ఆనకట్టకును, గనికిని ముందు జరుగు విచారణ గాలిమరకు ముందు జరుగనక్కరలేదు. పొగ లేనిదని ఇచ్చిన ఈ మినహాయింపు పొగవిషయమున న్యాయమే. గొయ్యివిషయమున న్యాయము కాదు.

ముందుగా నమోదు చేయుట తెలుగువారికి క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున కర్నల్ మెకంజీ పనుపున కావలి బొర్రయ్య, ఆయన సోదరులు, వారి తోటివారు ఊరూర తిరిగి కరణముల నడిగి కైఫీయతులు వ్రాయించిరి. చెరువు ఎవరు కట్టిరి, గుడి ఎవరు నిలిపిరి, శాసనము ఎచ్చటనున్నది యని వ్రాసిన ఆ కాగితములే నేటికిని రాయలసీమ చరిత్రకు మూలధనము. 1882లో రాబర్టు స్యూయల్ మద్రాసు రాజధానిలోని ప్రాచీనావశేషముల పట్టికను ప్రకటించెను. రాబర్టు బ్రూస్ ఫుట్ భూగర్భ శాస్త్రజ్ఞుడై యుండియు, బళ్ళారి, అనంతపురము, కర్నూలు మిట్టలపై కాలినడకన తిరిగి రాతిపనిముట్లను ఏరి, ఏది ఎచ్చట దొరకినదో చీటి కట్టెను. వారికి విమానము లేదు, ఉపగ్రహము లేదు. కాళ్ళును, కలమును ఉన్నవి.

స్వాతంత్ర్యానంతరము ఇంతకు మించిన పని జరిగినది. నాగార్జునకొండ లోయను 1926లో వెలుగులోనికి తెచ్చినవాడు శాసనశాఖలోని తెలుగు సహాయకుడు ఎ. ఆర్. సరస్వతి. 1955 డిసెంబరు 10న సాగరమునకు శంకుస్థాపన జరుగుటకు ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యవమున ఆ లోయనంతయు త్రవ్వి చదువు పని మొదలైనది. 1960 వరకు సాగిన ఆ త్రవ్వకములలో రాతియుగమునుండి మధ్యయుగమువరకు వందకు మించిన స్థలములు నమోదైనవి. ముఖ్యమైన కట్టడములను కొండమీదికిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. తదుపరి శ్రీశైలము జలాశయపు ముంపునుండి కూడలి సంగమేశ్వరాలయమును విప్పి ఆలంపురమున కట్టిరి. అన్నము పెట్టు నీరు రావలెను, అడుగుననున్న చరిత్రయు తెలియవలెను అని నాటివారు రెంటిని కోరిరి. ఒకదానికొరకు మరియొకదానిని వదలుట నాగరికత కాదని వారి తలంపు.

నాగార్జునకొండకును నేటి గాలిమరలకును ఒక భేదము కలదు. అదియే ఈ వాదమునకు ప్రాణము. నీరు వచ్చినప్పుడు లోయ అంతయు మునుగును. మునుగనిచ్చుటయో, తరలించుటయో తప్ప మార్గాంతరము లేదు. గాలిమరకు అట్టి నిర్బంధము లేదు. స్తంభమును నలుబది గజములు ప్రక్కకు జరిపినను గాలి కోపింపదు. బాటను ఒక సమాధివలయమును చుట్టి పోనిచ్చినను లారీ పోవును. అభివృద్ధిపనులన్నిటిలో ప్రాచీనావశేషములతో సులువుగా సర్దుకొనగలది ఇదియొక్కటే. అయితే జరుపుటకు ముందు దేనినుండి జరుపవలెనో తెలియవలెను గదా!

కాలవ్యయమగునని యొక యాక్షేపణ. గాలిమరలు నిలుపుటకు ముందు ఆ మిట్టపై కొలతకంబము పాతి గాలివేగమును ఇంచుమించు ఏడాదిపాటు కొలుచుట పరిపాటి. గాలిని ఏడాది కొలుచు ఓపిక కలిగినవారు, నేలను నాలుగు వారములు నడచి చూచుటకు ఓపిక లేదనుట పొసగదు. ఆ యేడాదిలోనే ఈ పనియు ముగియును. ఖర్చెవరిదని మరియొక యాక్షేపణ. ఇంగ్లండులో 1990లో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకముతో, నేలను కదల్చువాడే నమోదు ఖర్చును భరించుట యను పద్ధతి నిలదొక్కుకొన్నది. స్కాట్లండు, వేల్సు కొండలలో గాలిమరలు నిలుపువారు ముందుగా పురాతత్త్వజ్ఞులచే ఆ గుట్టలను నడిపించి, గొర్రెలదొడ్డి గోడనుండి సమాధికుప్పవరకు పటమున గుర్తింపించుచున్నారు. అందుచేత అచ్చట గాలిమరలు ఆగిపోలేదు.

మూడవ ఆక్షేపణ రైతుది. అది అన్నిటికంటె బరువైనది. చేనిలో పాతరాయి యున్నదని చెప్పినచో చేను పోవునేమో, గాలిమర కౌలు రాకపోవునేమో యని అతని భయము. ఈ భయమును నవ్వి త్రోసివేయరాదు. వాన తప్పినయేట ఆ కౌలే అతని యింట పొయ్యి వెలిగించును. నమోదు వేరు, నిషేధము వేరు అని ప్రభుత్వము స్పష్టముగా వ్రాతపూర్వకముగా చెప్పవలెను. ఒక్క సెంటు నేలయు పోదని, స్తంభము జరిగినను అదే రైతు చేనిలో జరుగునట్లు చూతుమని, అట్లు వీలుకానిచో పరిహారమిత్తుమని మాట యీయవలెను. అట్టి మాట లేనినాడు రైతు రాత్రివేళ ఆ రాయిని తానే దొరలించును. ఆ పాపము అతనొక్కనిది కాదు.

నమోదు అనగా నేమి? అది పెద్ద విద్య కాదు, నిదానమైన విద్య. పదిగజముల ఎడముతో నలుగురు వరుసగా నడచుట. కనబడిన దానిని కదపక కొలుచుట. ప్రక్కన కొలబద్ద యుంచి ఛాయాచిత్రము తీయుట. సెల్‌ఫోను చూపు అక్షాంశ రేఖాంశములను, సర్వే సంఖ్యను వ్రాయుట. ఆ చేనికి ఊరివారు పెట్టిన పేరును అడుగుట. ఈ చివరిది సాహిత్యవిద్యార్థి పని. బూడిదగుంట, పాటిచేను, రాక్షసగుళ్ళ మిట్ట, వీరగల్లు మడి వంటి పేర్లు పురాతత్త్వజ్ఞునికి త్రోవ చూపు దీపములు. రెవెన్యూ దస్త్రములో అంకె మిగులును, పేరు పోవును. ముసలివాడు పోయినచో పేరును అతనితో పోవును. రాయి మీద గాలిమర లేచినను నష్టమే. పేరు మీద మౌనము లేచినను నష్టమే.

ఆలస్యమైనచో ఏమగునో బళ్ళారి చెంత కుప్పగల్లు కొండ చెప్పుచున్నది. అచ్చట నవీన శిలాయుగపువారు బండలపై తొలిచిన ఎద్దుల బొమ్మలు, కొట్టినచో గంటవలె మ్రోగు రాళ్ళు కలవు. ఆ బొమ్మల సంగతి 1892లోనే అచ్చులో వచ్చినది. తరువాత వానిని లోకము చాలవరకు మరచినది. 21వ శతాబ్దారంభమున పరిశోధకులు మరల వెదకి నమోదు చేయునప్పటికి కంకరక్వారీ ఆ కొండను తినుచున్నది. కొన్ని బొమ్మలు అప్పటికే పోయినవి. వ్రాసి యుంచిన కొలదియు మిగిలినది. వ్రాయనిది పోయినట్లు కూడ తెలియకుండ పోయినది.

ఈ పనికి ప్రభుత్వమునందు పురావస్తుశాఖ యుండగా బడిపంతులేల యని యనవచ్చును. శాఖకు ఉద్యోగులు కొలదిమంది, మిట్టలు వేలు. ప్రతి యూర బడి యున్నది, మాపటివేళ పశువులు తోలుకొనివచ్చు తాతగారున్నారు, వారి మాట వినగల పిల్లలున్నారు. ప్రతి ఉన్నతపాఠశాల తన ఊరి కైఫీయతును ఒకటి వ్రాసికొని, ఒక ప్రతిని పురావస్తుశాఖకు, మరియొకటి జిల్లా కలెక్టరునకు పంపినచో, గాలిమరల అనుమతికాగితము వచ్చిననాడు ప్రక్కన పెట్టి చూచుటకు ఒక పట్టికయైన నుండును. కాని ఉపాధ్యాయుడు మూడు కట్టుబాట్లు పెట్టవలెను: త్రవ్వరాదు, ఎత్తుకొనిపోరాదు, చోటును చాటరాదు. గుప్తనిధుల పిచ్చితో సమాధిబండలను పెకలించువారు ఈ సీమలో తక్కువ కారు. మూడువేల యేండ్లనాటి గోతిలో వారు కోరు బంగారము లేదు. ఉన్నది మట్టికుండ, ఎముక, తుప్పుపట్టిన ఇనుపకత్తి. వానిని చదువనేర్చిన వానికే అవి నిధి.

గాలిమర ఆయుష్షు ఇంచుమించు ఇరువది, ఇరువదియైదేండ్లు. పిదప దానిని విప్పి క్రొత్తదానిని నిలుపుదురు. దాని క్రిందనున్న రాతిగూడు ఆయుష్షు ఇప్పటికే రెండువేల యైదువందల యేండ్లకు మించినది. ఒకమారు చెదరినచో మరల నిలుపు ఇంజనీరు లేడు. మిట్టపై మర తిరుగనిండు, చేనికి నీరు రానిండు, రైతు యింట దీపము వెలుగనిండు. ఆ దీపపు వెలుగున మన పిల్లలు చదువుకొనుటకు వారి నేలను గూర్చిన నాలుగు పుటలు కూడ మిగిలియుండవలెను. యంత్రము కొండ యెక్కకమునుపు ఒక ఉపాధ్యాయుడు, నలుగురు పిల్లలు, ఒక నోటుపుస్తకము కొండ యెక్కినచో ఆ పుటలు మిగులును.