నడుం నొప్పికి ఆసనాలా, మర్దనా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. పేపరు మిల్లులో షిఫ్టు డ్యూటీ. నాలుగు నెలలుగా నడుం నొప్పి. డాక్టరుగారు చూసి, భయపడాల్సిందేమీ లేదన్నారు. ఆదివారం ఒకాయన ఇంటికొచ్చి నూనె పట్టించి మర్దన చేస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ మామూలే. మా అబ్బాయి యోగా చెయ్యమంటాడు. రాత్రిళ్లు ఆయనకి నిద్ర పట్టదు. 2014లో మిల్లు మూతపడ్డ రోజులు తలుచుకుంటూ కూర్చుంటారు. ఏది చేయించమంటారు?
– ఒక సోదరి, కాగజ్‌నగర్

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటలే నాకు ముఖ్యంగా కనిపించాయి. మిల్లు మళ్లీ తెరుచుకున్నది 2018లో. జీతం లేకుండా అన్నేళ్లు సంసారం ఈడ్చినవారి మనసులో ఆ భయం అంత తొందరగా పోదు. దిగులుతో కండరాలు బిగుసుకుంటాయి. నిద్ర చాలకపోతే చిన్న నొప్పి కూడా పెద్దదిగా తోస్తుంది. నొప్పి వల్ల మళ్లీ నిద్ర ఉండదు.

మర్దన ఆ బిగువును సడలిస్తుంది, అంతే. నడుముకు బలం ఇవ్వదు. అందుకే రెండు రోజుల ముచ్చట అవుతోంది. బలం రావాలంటే ఆయనే ఒళ్లు వంచాలి. మూడు నెలలు దాటిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు వ్యాయామం, యోగా వంటివి ప్రయత్నించమని అమెరికా వైద్యుల సంఘం ఒకటి 2017లో సూచించింది. కాబట్టి మీ అబ్బాయి మాటా నిజమే, మర్దనా దండగ కాదు.

నైటు షిఫ్టు నుంచి రాగానే ఆసనాలు వద్దు. ముందు నిద్ర. లేచాక, ఖాళీ కడుపున, పవనముక్తాసనం, మార్జాలాసనం, మోచేతుల మీద ఛాతీ మాత్రం లేపే భుజంగాసనం చాలు. ఒక్కో భంగిమలో అయిదు శ్వాసలు. చివర పది నిమిషాలు శవాసనం. దీన్ని మాత్రం ఎగ్గొట్టనివ్వకండి, మనసుకు మందు అదే. హలాసనం, పశ్చిమోత్తానాసనం ఇప్పుడు వద్దు. నొప్పి కాలిలోకి పాకితే వెంటనే ఆపాలి.

వాగ్భటుడి 'అష్టాంగహృదయం'లో అభ్యంగనం ముందు, వ్యాయామం తర్వాత. కాని నూనె పాదాలతో గచ్చు మీద జారిపడితే కొత్త నొప్పి వస్తుంది. మీరు ఆసనాలయ్యాకే మర్దన పెట్టుకోండి. గోరువెచ్చని నువ్వుల నూనెతో వెన్నెముకకు రెండు పక్కలా, ఎముక మీద కాదు, పావుగంట మీరే రుద్దవచ్చు. ఆ తర్వాత వేణ్ణీళ్ల స్నానం. పిల్లలచేత నడుం తొక్కించుకునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. అది మానిపించండి.

కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, ఉన్నట్టుండి బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చెయ్యకండి. ఒక పిక్క వాచి నొప్పిగా ఉంటే అక్కడ మర్దన చెయ్యనేకూడదు.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, తిండి మీద ధ్యాస పోతే, మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతుకు మీద విరక్తి మాటలు వినబడితే రెండు వారాలు ఆగకండి.

ఆదివారం వచ్చే ఆయన్ని మానిపించనక్కర్లేదు. ఆసనాలయ్యాక రమ్మనండి. ఆరు వారాలు గడిచాక ఎలా ఉందో రాయండి.