మూడు దేశాలు కలిస్తేనే నిధులు!

ఫైనల్‌ ఇయర్‌ ప్రాజెక్టు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే. ముఖం చూసి హాజరు వేసే సాఫ్ట్‌వేర్‌ ఒకటి, అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికేది రెండోది. చాలాసార్లు ఆ రెండూ ఒకటే అనుకోండి! డేటా సైన్స్‌ నేర్చుకున్నవాళ్లను ఎక్కడ ఉద్యోగం చేస్తారని అడిగితే ఐటీ, బ్యాంకులు, ఈ-కామర్స్‌ అంటారు. జాబితా అక్కడితో ఆగిపోతుంది. ప్రభుత్వాలు ఒక నిర్ణయం తీసుకునే ముందు దాని లెక్కలు కట్టి చూపించేవాళ్లు ఉంటారనీ, అదీ ఒక ఉద్యోగమేననీ కాలేజీలో ఎవరూ చెప్పరు. యూరప్‌ థింక్‌ ట్యాంకులు చేసేది ఆ పనే. వాటి నివేదికల కంటే, అవి కలిసి పనిచేసే పద్ధతే మీకు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

యూరోపియన్‌ యూనియన్‌లో 27 దేశాలు, 24 అధికార భాషలు. సమస్యలు మాత్రం సరిహద్దు చూసుకుని రావు. 2022నే తీసుకోండి. అంతకు ముందు ఏడాది ఆ దేశాలు దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో దాదాపు 45 శాతం రష్యాదే. ఉక్రెయిన్‌ యుద్ధం మొదలయ్యాక పైపుల్లో సరఫరా తగ్గుతూ వచ్చింది. చలికాలానికి ఇళ్లు వెచ్చగా ఉంటాయా లేదా అన్నది జర్మనీ లెక్క ఒక్కటే చూస్తే తేలదు. జర్మనీ పైపు చెక్‌ రిపబ్లిక్‌కు వెళ్తుంది, ఆస్ట్రియా నిల్వలు పక్క దేశాలకూ పనికొస్తాయి. నవంబరు 1 నాటికి నిల్వ కేంద్రాలను 80 శాతం నింపాలని అప్పుడు చట్టమే చేశారు. రష్యా గ్యాస్‌ ఏ దారిలో ఎంత వస్తోంది, ఏ ప్రభుత్వం ప్రజలకు ఎంత సాయం ప్రకటించింది అన్న లెక్కల్ని బ్రస్సెల్స్‌లోని బ్రూగెల్‌ అనే సంస్థ తాజా చేస్తూ అందరికీ అందుబాటులో పెట్టింది. ఒకచోట ఘనపు మీటర్లు, ఇంకోచోట టెరావాట్‌ అవర్లు. వీటన్నింటినీ ఒకే పట్టికలోకి తేవడం పేరుకు పాలసీ రీసెర్చే గానీ, చేసే పని చూస్తే మీ డేటా క్లీనింగ్‌ ల్యాబే కదా!

మరి ఇన్ని దేశాల సంస్థలు మంచితనంతోనే చేతులు కలుపుతాయా? అంత సీన్‌ లేదు. వెనక డబ్బు నిబంధన ఉంది. 2021-27 కాలానికి యూరోపియన్‌ యూనియన్‌ పెట్టిన పరిశోధన పథకం ‘హొరైజన్‌ యూరప్‌’ బడ్జెట్‌ 95.5 బిలియన్‌ యూరోలు. ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులకు దరఖాస్తు చేయాలంటే సాధారణంగా కనీసం మూడు వేర్వేరు దేశాల సంస్థలు కలవాలి. ఒక్కళ్లే వెళ్తే ఆ గడప దాటనివ్వరు. దీని విలువ బ్రెగ్జిట్‌ తర్వాత బ్రిటన్‌ పరిశోధకులకు బాగా తెలిసొచ్చింది. ఆ పథకంలో మళ్లీ భాగస్వామి కావడానికి 2024 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇందులో లోపాలు లేవని అనను. నిబంధన కోసం ఒక భాగస్వామిని కరివేపాకులా చేర్చుకుని, పని మొత్తం ఒకరిద్దరే లాగించే ప్రమాదం ఉంది. మన గ్రూప్‌ ప్రాజెక్టుల్లాగే అన్నమాట. పైగా చర్చంతా బ్రస్సెల్స్‌ చుట్టూనే తిరుగుతుంది. అందుకే పోలండ్‌, చెక్‌, స్లొవేకియా, హంగరీ సంస్థలు ‘థింక్‌ విసెగ్రాడ్‌’ పేరుతో సొంత వేదిక పెట్టుకున్నాయి. డబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా వదలకూడదు. బ్రూగెల్‌ సభ్యుల్లో ప్రభుత్వాలతోపాటు పెద్ద కంపెనీలూ ఉన్నాయి. సభ్యుల జాబితా బయటపెడతారు కాబట్టి, నివేదిక చదివే ముందు అటు ఓ కన్నేయడం మంచిది. ఇన్ని లోపాలున్నా, ఒకరి అంకెను ఇంకొకరు బహిరంగంగా తప్పుపట్టగలగడం నాకు నచ్చుతుంది.

దీనికో ఉదాహరణ మీ ఉద్యోగాల సంగతే. యూరప్‌ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. రెజ్యూమెలను వడపోసే సాఫ్ట్‌వేర్‌ను అది ‘హై రిస్క్‌’ జాబితాలో పెట్టింది. 2021లో ముసాయిదా వచ్చినప్పుడు, కంపెనీలకు ఎంత ఖర్చవుతుందన్న అధ్యయనంలో సెప్స్‌ అనే బ్రస్సెల్స్‌ సంస్థ పాలుపంచుకుంది. అవే అంకెలతో ఇంకో సంస్థ చాలా పెద్ద మొత్తం లెక్కగట్టింది. ఆ ఖర్చు ఏఐ మొత్తానికి వర్తించదనీ, హై రిస్క్‌ వాటికేననీ సెప్స్‌ పరిశోధకులు వివరణ ఇవ్వాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో కూర్చుని యూరప్‌ క్లయింటుకు అలాంటి సాఫ్ట్‌వేర్‌ రాసేవాళ్లకు ఇది ఎక్కడో జరిగిన గొడవ కాదు. 2026 జనవరి నుంచి పూర్తిస్థాయిలో మొదలైన కార్బన్‌ పన్ను మన ఉక్కు ఎగుమతిదారుల మీదా పడుతుంది. అక్కడ ఎవరో కట్టిన లెక్క ఇక్కడ ఒక ఆఫర్‌ లెటర్‌ దాకా రావచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న: మాకు అక్కడ ఉద్యోగం వస్తుందా? నేరుగా అయితే కష్టమే. ఖాళీలు తక్కువ, వీసా అడ్డంకులు, ఫ్రెంచ్‌ వస్తే మేలన్న పరిస్థితి. యూరోపియన్‌ కమిషన్‌ ఏటా రెండుసార్లు ఇచ్చే ఐదు నెలల బ్లూ బుక్‌ ట్రెయినీషిప్‌లో బయటి దేశాలవాళ్లకు సీట్లు పరిమితం. ఎరాస్మస్‌ ముండస్‌ మాస్టర్స్‌ దీనికంటే అందుబాటులో ఉంటుంది. కనీసం రెండు దేశాల్లో చదవాలి, స్కాలర్‌షిప్‌ ఉంది. లక్షలు పోసే ముందు ఆ దారి ఒకసారి చూడండి. మన దేశంలోనే మొదలుపెట్టాలనుకుంటే ఢిల్లీలో సీఈఈడబ్ల్యూ, బెంగళూరులో సీఎస్‌టెప్‌ ఇంధనం, వాతావరణం మీద పనిచేస్తున్నాయి. వాటికి ఇంజినీర్లు కావాలి. పాతికేళ్లలోపు వాళ్లయితే ఎంపీలతో కలిసి పనిచేసే ల్యాంప్‌ ఫెలోషిప్‌కు ఏ డిగ్రీతోనైనా దరఖాస్తు చేయొచ్చు. జీతం మాత్రం ఐటీ ప్యాకేజీతో పోల్చకండి, నిరాశే.

దరఖాస్తులో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలిగా. యూరప్‌ గ్యాస్‌ నిల్వల రోజువారీ లెక్కలు ‘ఆగ్సీ’ అనే వేదికలో ఉచితంగా దొరుకుతాయి. నాలుగు దేశాల డేటా దించుకుని, 2022 వేసవిలో ఎవరు ఎంత వేగంగా నింపారో గ్రాఫ్‌ గీయండి. కింద రెండు పేజీల్లో, లెక్క ఏమాత్రం తెలియని ఒక మంత్రికి అర్థమయ్యేలా రాయండి. మీ కోడింగ్‌ ఫ్రెండ్‌ను, ఎకనామిక్స్‌ చదివే ఫ్రెండ్‌ను కూడా కూర్చోబెట్టుకోండి. మీ ముగ్గురూ ఒకే వాక్యం మీద ఒప్పుకోవడానికి ఎంత టైమ్‌ పడుతుందో చూద్దాం.