ఓడల దొర, కొండ దొర

దేశముకొరకు ధనమిచ్చినవానికి దేశమును పాలించు హక్కుకూడ సంక్రమించునా? ఈ ప్రశ్న నడుగక తప్పదని మేము తలంచుచున్నాము.

గ్రీసు దేశమున హైడ్రా యను రాతిద్వీపము కలదు. నెపోలియను యుద్ధకాలమున దిగ్బంధములను దాటించి ధాన్యము చేరవేసి అచ్చటి ఓడల యజమానులు మహాధనికులైరి. 1821లో గ్రీకులు తురుష్క ప్రభుత్వముపై తిరుగబడినపుడు వారిలో అగ్రగణ్యుడగు లాజరోస్ కుందురియోటిస్ తన ఓడలను, తన ధనములో అధికభాగమును స్వాతంత్ర్య సమరమున కర్పించెను. ఆ త్యాగమును ఎవరు కాదనగలరు? కాని 1824లో ఆయన తమ్ముడు జార్జియోస్ ప్రభుత్వాధ్యక్షుడైన పిదప జరిగినదేమి? లండనునుండి తెచ్చిన అప్పులో కొంత అంతఃకలహములలో స్వపక్షమును పోషించుటకు వ్యయమయ్యెను. 1825లో ఈజిప్టు సైన్యములు మొరియా తీరమున దిగునప్పటికి కోలొకొట్రోనిస్ వంటి సేనాని స్వదేశీయుల చెరలోనే యుండెను!

ఇక మన తూర్పుకనుమలవంక చూతము. గూడెం కొండలలో ఓడలు లేవు. లండను అప్పులు లేవు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చి పోడు సేద్యమునకు అడ్డుపడెను. రోడ్డుపనిలో డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ చాలీచాలని కూలి యిచ్చి గిరిజనులచే చాకిరి చేయించెను. బట్టిపనుకుల ముఠాదారగు గాము గంటందొర, ఆయన సోదరుడు మల్లుదొర అల్లూరి సీతారామరాజు పక్షమున నిలిచిరి. 1922 ఆగష్టు 22 మొదలు 24 వరకు వరుసగా ముట్టడింపబడిన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలే వారికి ఆయుధాగారములు. 1924 మే 7న రాజు, ఆ తరువాతి నెలలో గంటందొర ప్రాణము లర్పించిరి.

పదవులు పోయిన ముఠాదారులు స్వార్థముచేతనే తిరుగబడిరని కొందరందురు. స్వార్థము కొంత యుండవచ్చును. వర్తకుని ఓడలోను లాభనష్టముల లెక్క కొంత యుండును. అయినను పోయిన ముఠాకై మాత్రమే ఎవడును రెండేండ్లు మలబారు పోలీసులకును, అస్సాము రైఫిల్సునకును ఎదురొడ్డి అడవులలో తిరుగడు.

అండమాను శిక్ష ననుభవించిన మల్లుదొర 1952లో విశాఖపట్టణమునుండి స్వతంత్ర అభ్యర్థిగా ప్రథమ లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఆయనను అచ్చటికి పంపినది ధనముకాదు, ప్రజల వోటు. ఈ భేదమే మాకు ముఖ్యముగా తోచుచున్నది. త్యాగము గౌరవమునకు అర్హత. అధికారమునకు అర్హత ప్రజాభిమతమొక్కటే.

2009 ఎన్నికలనుండి అరకు పేరనే గిరిజనులకు ప్రత్యేకింపబడిన లోక్‌సభ స్థానము కలదు. 2022లో ఈ కొండలకు సీతారామరాజు పేరనే జిల్లాయు ఏర్పడెను. సంతోషమే. కాని పేరు పెట్టుటతో ఋణము తీరునా? గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కాకూడదని 1970 నాటి ఒకటవ నిబంధన చెప్పుచున్నది. షెడ్యూలు ప్రాంతపు ప్రభుత్వభూములను ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలు కీయరాదని 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఈ రెంటిని కాపాడుటయే రాజునకును, గంటందొరకును నిజమైన నివాళి. నేడు కొండలకు పెట్టుబడితో వచ్చు శ్రీమంతులు ఉపకారమే చేయవత్తురుగాక! ఇచ్చిన చేయి పెత్తనముకై చాచబడినపుడు వలదనగల ధైర్యము గ్రామసభలకు ఉండవలెను; వాని మాటను మన్నించు బుద్ధి ప్రభుత్వమునకు ఉండవలెను.