మన చేపల బొమ్మలు మన బడుల్లో ఉండాలి

విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో, వర్ణనలతో ఒక గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. రచయిత ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్. బొమ్మలు గీసింది మాత్రం దేశీయ చిత్రకారుడు. సొర, కోనం, వంజరం వంటి మన జాలర్ల మాటలే అందులో ఇంగ్లీషు లిపిలో ఉన్నాయి. తరువాతి ఐరోపా శాస్త్రజ్ఞులు ఆ బొమ్మల ఆధారంగానే కొన్ని చేపలకు శాస్త్రనామాలు పెట్టారు.

ఇంత ఘనత గల పుస్తకం తీరగ్రామాల పిల్లలకు తెలియకపోవడం విచారకరం. దాని ప్రతి నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తోంది. ఆ బొమ్మలను అచ్చువేయించి, పేర్లు తెలుగులో రాయించి, బడులకు, గ్రంథాలయాలకు పంపడం అధికారులకు పెద్ద ఖర్చు కాదు. పేర్లు సరిచూడడానికి వృద్ధ జాలర్లు ఉన్నారు. వారుండగానే ఈ పని జరగాలి.