ముందు ఇల్లు, తోట... తర్వాతే పిల్లలు!

బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలో (యిర్మీయా 29) ఒక వరుస ఉంది. ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటి వాటి ఫలాలు తినమన్నాడు, ఆ తర్వాతే పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనమన్నాడు. గూడూ కూడూ లేనివాళ్లను పట్టుకుని సంతానాన్ని పెంచండని దేవుడు అనలేదు!

మన పాలకుల మాట ఇప్పుడు మారింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులంటూ ఉమ్మడి రాష్ట్రంలో 1994లో చట్టం తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబరులో ఆ నిబంధనను ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అదే ఏడాది పిలుపునిచ్చారు. కారణం లేకపోలేదు. జనాభా నిలకడగా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అది తెలంగాణలో 1.8, ఆంధ్రలో 1.7. ఇటలీ అయితే 1.2కు దిగజారింది. అక్కడి యువతీ యువకులు సగటున 30 ఏళ్లొస్తే గానీ తల్లిదండ్రుల ఇల్లు వదిలి సొంతంగా కాపురం పెట్టలేకపోతున్నారు మరి!

కొందరు బోధకులు కూడా ఆదికాండము 1:28 తీసి, అమ్మాయిలకు ఉద్యోగాల మోజెక్కువైందని ప్రసంగిస్తున్నారు. ఆ వచనం ఆశీర్వాదంతో మొదలవుతుందన్న సంగతి మరచిపోతే ఎలా? బెంచీల్లో సంతానం లేని దంపతులూ కూర్చుని వింటున్నారు. పైగా ఆంధ్రలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారని అదే సర్వే చెబుతోంది. మగవాళ్లలో ఆ ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. నిన్న చాలన్నదీ ఆమెతోనే, నేడు కనమంటున్నదీ ఆమెనే!

సికింద్రాబాద్ సంఘాల్లో యువ దంపతులు ఒక్క బిడ్డతో ఎందుకు ఆగిపోతున్నారో అడిగి చూడండి. రెండు గదుల ఇంటి అద్దె, ఎల్‌కేజీ ఫీజు, కాన్పు బిల్లు అంటారు. తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే కదా! 2017 సవరణ ప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు, మూడో బిడ్డకైతే 12 వారాలే. పదిమంది కూడా పనిచేయని దుకాణంలోని చెల్లికి ఆ చట్టమే వర్తించదు. అమ్మమ్మేమో ఊళ్లో ఉంటుంది. బిడ్డను ఎవరి చేతిలో పెట్టి పనికెళ్లాలి?

మన సండే స్కూల్ గదులు వారంలో ఆరు రోజులు తాళమేసే ఉంటాయి. రిటైరైన టీచరమ్మలు, నర్సులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆర్చీలకూ ప్రహరీ గోడలకూ చందాలెత్తే పాస్టరేట్ కమిటీలు ఉయ్యాలలకూ పాలకూ ఎత్తలేవా? ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఏ మతం వారైనా సరే, పదిమంది పిల్లలతో ఒక్క గది తెరిస్తే చాలు. అప్పుడు ఆ తల్లులే చెబుతారు, రెండో బిడ్డ కావాలో వద్దో.