స్పాట్ మెషిన్ల మీద జాబులు వదిలేస్తున్నారా? ఆగండి

క్లౌడ్ ఖర్చు తగ్గించమని పైనుంచి మాట రాగానే చాలా టీములు చేస్తున్న మొదటి పని, బ్యాచ్ జాబులన్నిటినీ స్పాట్ మెషిన్ల మీదికి మార్చేయడం. మోడల్ ట్రైనింగ్, వీడియో ఎన్‌కోడింగ్, నెలాఖరు రిపోర్టులు, లాగ్‌ల విశ్లేషణ, అన్నీ అటే పోతున్నాయి. కోడ్ జోలికే పోకుండా సెట్టింగుల్లో ఒక్క టిక్కు పెట్టి మారుస్తున్నారు. ఇది ప్రమాదం. మధ్యలో తెగిపోతే ఆగినచోటి నుంచి అందుకోలేని జాబును స్పాట్ మీద పెడితే ఖర్చు తగ్గుతుందన్న నమ్మకం లేదు. జాబు పెద్దదైతే బిల్లు పెరుగుతుంది కూడా.

అమెజాన్ ఈ స్పాట్ పద్ధతిని 2009 డిసెంబరులో తెచ్చింది. తన దగ్గర ఆ క్షణానికి ఖాళీగా ఉన్న కంప్యూటర్లను ఆన్-డిమాండ్ ధర (మామూలు అద్దె) మీద 90 శాతం దాకా తగ్గించి ఇస్తుంది. గూగుల్ 2015లో ప్రీఎంప్టిబుల్ పేరుతో మొదలుపెట్టింది, మైక్రోసాఫ్ట్ అజూర్ తర్వాత వచ్చింది. షరతు అందరిదీ ఒకటే: ఆ కంప్యూటర్ తమకు అవసరమైతే మీరు ఖాళీ చేయాలి. ఆషాఢంలో ఫంక్షన్ హాలు చౌకగా దొరికినట్టే ఇది, కాకపోతే ఇక్కడ శ్రావణం ఏ నిమిషంలో వస్తుందో ఎవరూ చెప్పరు.

2017 చివరిదాకా అమెజాన్‌లో వేలంపాట నడిచేది. ధర మన పాటను దాటితే మెషిన్ పోయేది. ఇప్పుడు ధరలు నెమ్మదిగా మారుతున్నాయి, పాట పాడాల్సిన పని లేదు. అయినా గరిష్ఠ ధర ఎక్కువ పెట్టుకుంటే మెషిన్ మన చేతిలోనే ఉంటుందన్న అపోహ పాతుకుపోయింది. ఉండదు. ఇవాళ మెషిన్లు పోతున్నది ఎక్కువగా కెపాసిటీ చాలకనే. అందరూ ఎగబడుతున్న జీపీయూల విషయంలో ఇది మరీ ఎక్కువ.

ఒక లెక్క వేద్దాం. జాబు నడవడానికి 12 గంటలు కావాలి, చెక్‌పాయింట్ (అయినంత పనిని మధ్యమధ్యలో సేవ్ చేసే ఏర్పాటు) లేదు. మెషిన్ సగటున 6 గంటలకోసారి, వేళాపాళా లేకుండా పోతోందనుకుందాం. పోయిన ప్రతిసారీ జాబు మొదటికొస్తుంది. సంభావ్యత లెక్క ప్రకారం ఆ జాబు ఒక్కసారి పూర్తి కావడానికి సగటున 38 గంటల మెషిన్ సమయం పడుతుంది. ధర 70 శాతం తగ్గినా చివరికి కట్టేది పదకొండున్నర గంటల పూర్తి ధర. మామూలు మెషిన్ మీద 12 గంటల్లో ప్రశాంతంగా అయిపోయే పనికి ఒకటిన్నర రోజు ఆగి, మిగుల్చుకున్నది అరగంట అద్దె. అదే 24 గంటల జాబైతే సగటు 320 గంటలు దాటుతుంది. తగ్గింపు పోను కూడా బిల్లు నాలుగింతలు!

ఇదే 12 గంటల జాబుకు చెక్‌పాయింట్ పెట్టి చూడండి. ఎంతసేపటికోసారి సేవ్ చేయాలన్నదానికి జాన్ యంగ్ 1974లోనే సూత్రం ఇచ్చాడు. ఒకసారి సేవ్ చేయడానికి పట్టే సమయాన్ని, రెండు అంతరాయాల మధ్య సగటు సమయాన్ని గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీయాలి. సేవ్‌కు 2 నిమిషాలు, అంతరాయానికి 6 గంటలు అనుకుంటే, దాదాపు 40 నిమిషాలకోసారి సేవ్ చేస్తే చాలు. అప్పుడు జాబు 13 గంటల పైచిలుకులో ముగుస్తుంది, ఖర్చు మూడో వంతుకు పడిపోతుంది. మెషిన్ అదే, ధర అదే. తేడా అంతా జాబు రాసిన తీరులో ఉంది.

మెషిన్ పోయే రెండు నిమిషాల ముందు హెచ్చరిక వస్తుంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు, అది ఎలా వస్తుందో ఒకసారి తెలుసుకోవాలి. ఎవరూ ఫోన్ చేయరు. అమెజాన్‌లో అయితే మెషిన్ లోపలి నుంచి 169.254.169.254 అన్న అడ్రసును మీ ప్రోగ్రామే ఐదేసి సెకన్లకోసారి అడుగుతూ ఉండాలి, లేదా ఈవెంట్‌బ్రిడ్జ్ ద్వారా వినే ఏర్పాటు ముందే చేసుకోవాలి. మామూలప్పుడు అక్కడ ఈ హెచ్చరిక ఉండాల్సిన చోట 404 కనిపిస్తుంది. ఒకానొక క్షణాన దాని స్థానంలో చిన్న సందేశం ప్రత్యక్షమవుతుంది: మెషిన్‌ను ఏం చేయబోతున్నారు, ఎన్ని గంటలకు. అడగని ప్రోగ్రాముకు ఆ కబురు అందదు.

అందినా చేతిలో ఉన్నది 120 సెకన్లు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున స్టోరేజీకి పంపితే 12 గిగాబైట్లు వెళ్తాయి. మీ మోడల్ చెక్‌పాయింట్ 40 గిగాబైట్లయితే మూడో వంతు చేరేలోపే మెషిన్ ఉండదు. గూగుల్‌లో, అజూర్‌లో వ్యవధి 30 సెకన్లే, దానికీ గ్యారంటీ లేదు. అందుకే, కబురు వచ్చాక సేవ్ చేసుకుందామన్న ఆలోచన మీద దేన్నీ నిలబెట్టకండి. మెషిన్‌తో వచ్చే లోకల్ డిస్కులో సేవ్ చేసి ఊరుకోకండి, అదీ మెషిన్‌తోపాటే పోతుంది. ఉన్న చెక్‌పాయింట్ మీదే కొత్తది రాయకండి. సగంలో తెగితే పాతదీ దక్కదు, కొత్తదీ దక్కదు. వేరే పేరుతో రాసి, పూర్తిగా చేరిందని తేలాకే పాతదాన్ని తీసేయండి.

డబ్బు పోవడం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. జీతాలు జమ చేసే జాబు, కస్టమర్లకు ఎస్ఎంఎస్‌లు పంపే జాబు కూడా బ్యాచ్ జాబులే. వెయ్యి మందిలో ఆరువందల మందికి పంపాక మెషిన్ పోయింది, కొత్త మెషిన్ జాబును మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ ఆరువందల మందికి రెండోసారి వెళ్తుంది. ఎస్ఎంఎస్ అయితే విసుక్కుని ఊరుకుంటారు. జీతమైతే, వేసిన డబ్బు వెనక్కి అడగాల్సి వస్తుంది. ఒక పని రెండుసార్లు నడిచినా ఫలితం ఒక్కసారి నడిచినట్టే ఉండాలి. ప్రతి లావాదేవీకీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అయిపోయినవాటిని డేటాబేసులో నమోదు చేయకుండా ఇలాంటి జాబును స్పాట్ దరిదాపుల్లోకి కూడా తీసుకురావద్దు. పేమెంట్లు, లాగిన్, డేటాబేస్ సర్వర్లు ఎలాగూ దీనికి పనికిరావు.

ఇక ఆపేశామనుకున్న మెషిన్ల సంగతి. అమెజాన్‌లో స్పాట్ రిక్వెస్టును రద్దు చేసినంత మాత్రాన నడుస్తున్న మెషిన్ ఆగదు. పర్సిస్టెంట్ రకం రిక్వెస్టు పెట్టి మెషిన్‌ను మాత్రమే టెర్మినేట్ చేస్తే, ఆ రిక్వెస్టు దాని బదులు కొత్తదాన్ని లేపుతుంది. కాబట్టి ముందు రిక్వెస్టు రద్దు చేయాలి, ఆ తర్వాత మెషిన్‌ను టెర్మినేట్ చేయాలి, రెండూ చేయాలి. అజూర్‌లో డిఫాల్టుగా ఉండే డీఅలొకేట్ పాలసీలో మెషిన్ పోయినా డిస్కు అద్దె నడుస్తూనే ఉంటుంది. రిట్రైల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కోడ్‌లో తప్పుండి పడిపోయే జాబును రాత్రంతా మళ్లీ మళ్లీ లేపితే తెల్లారేసరికి మిగిలేది బిల్లే. ఏడబ్ల్యూఎస్ బ్యాచ్‌లో మెషిన్ పోయినప్పుడే మళ్లీ నడపాలి, కోడ్ తప్పయితే ఆపేయాలి అని విడివిడిగా చెప్పే వీలుంది. ఎంతమంది దాన్ని వాడుతున్నారో మీ టీములోనే అడిగి చూడండి. స్పాట్ దొరక్కపోతే చప్పుడు చేయకుండా ఆన్-డిమాండ్ మెషిన్ తెచ్చే సెట్టింగులూ ఉంటాయి, వాటినీ ఒక కన్నేసి ఉంచాలి.

హైదరాబాద్‌లో అమెజాన్ రీజియన్ 2022 నవంబరులో వచ్చింది, ముంబయిది 2016 నుంచీ ఉంది. దగ్గరగా ఉందని ఒకే జోన్, ఒకే రకం మెషిన్ పట్టుకుని వేలాడితే అంతరాయాలు తప్పవు. నాలుగైదు రకాల మెషిన్లకు, రీజియన్‌లోని అన్ని జోన్లకు అనుమతి ఇవ్వండి. ఎంపిక పద్ధతిలో అతి తక్కువ ధరకు బదులు కెపాసిటీని కూడా లెక్కలోకి తీసుకునేదాన్ని పెట్టుకోండి. స్పార్క్ వాడేవాళ్లు డ్రైవర్‌ను ఆన్-డిమాండ్ మీదే ఉంచి, ఎగ్జిక్యూటర్లను మాత్రమే స్పాట్‌కు పంపాలి. చౌక కోసం మరో రీజియన్‌కు పోయేముందు డేటా తరలింపు చార్జీ లెక్క చూసుకోవాలి.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రాజెక్టు కోసం ఇంట్లోవాళ్ల కార్డు పెట్టి జీపీయూ మెషిన్లు తీసుకునే పిల్లలు బడ్జెట్ అలర్ట్ పెట్టుకున్నాం అని నిశ్చింతగా ఉంటున్నారు. అమెజాన్ బడ్జెట్‌లోకి ఖర్చు వివరాలు సాధారణంగా 8 నుంచి 12 గంటలకోసారి మాత్రమే కొత్తగా చేరతాయి. పైగా, ఆపే యాక్షన్ విడిగా పెట్టుకుంటే తప్ప అలర్ట్ దానంతటది ఏ మెషిన్‌నూ ఆపదు. జాబు ముగియగానే మెషిన్ తనను తాను ఆపుకునేలా స్క్రిప్టు రాయండి. యాక్సెస్ కీలను గిట్‌హబ్‌లో పొరపాటున కూడా పెట్టకండి. దొరికిన కీలతో మీ ఖాతాలో క్రిప్టో మైనింగ్ నడిపేవాళ్లు కాచుకుని ఉన్నారు.

స్పాట్ మెషిన్లు వద్దని చెప్పడం లేదు. సరిగ్గా రాసిన జాబుకు ఇంతకు మించిన పొదుపు మార్గం క్లౌడ్‌లో అరుదు. అయితే ఈ రాత్రి జాబు మొదలుపెట్టేముందు ఒక్క పరీక్ష చేయండి. అది సగంలో ఉండగా మెషిన్‌ను మీ చేతులతోనే చంపేయండి. అమెజాన్ కన్సోల్‌లో స్పాట్ అంతరాయాన్ని కావాలని తెప్పించే వీలుంది, అజూర్‌లోనూ అలాంటి కమాండ్ ఉంది. కొత్త మెషిన్ లేచి, మిగతా సగాన్ని మాత్రమే నడిపి, ఒక్క ఫలితం కూడా రెండుసార్లు రాయకుండా ముగించిందా? నిశ్చింతగా స్పాట్ మీద పెట్టండి. ముగించలేదా? కోడ్ సరిచేసేదాకా ఆన్-డిమాండ్ ధర కట్టండి.