గోలు కొట్టని మనిషికి పూలు

మా ఊరి రచ్చబండ దగ్గర సాయంత్రం పూట చేరే కుర్రవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఎర్ర బనియన్లు తొడుక్కుని కనిపిస్తారు. వీపు మీద ఒక అంకె, దానిపైన ఏదో దొరల పేరు. వారపు సంతలో బేరమాడి కొన్నవే. ఇదేమిట్రా అని అడిగితే, "మాంచెస్టర్ యునైటెడ్ అన్నా, ఫుట్‌బాల్ జట్టు" అని గొప్పగా చెబుతారు.

ఆ వీపుల మీద ఉన్న పేర్లన్నీ గోల్స్ కొట్టినవారివే. అందులో తప్పు పట్టవలసింది లేదు. కాని అదే క్లబ్బులో ఒక్క గోలు కొట్టకుండా 55 ఏళ్ళకు పైగా కొలువు చేసిన మనిషి ఒకామె ఉంది. ఆమె పోయినప్పుడు ఆ జట్టు మొత్తం చేతులకు నల్ల పట్టీలు కట్టుకుని ఆట ఆడింది. ఆమె పేరు కాత్ ఫిప్స్. ఏ బనియను మీదా ఆ పేరు ఉండదు. ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పి, అటుపైన మన ఇంటి సంగతి కూడా ఒకటి ముచ్చటించాలని ఇది రాస్తున్నాను.

సీమ గుడ్డల ఊరు

మాంచెస్టర్ అనే పేరు మన పెద్దలకు కొత్త కాదు. ఇంగ్లాండులో నూలు మిల్లులకు పేరుబడ్డ పట్టణమది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో మన తాతలు వీధుల్లో కుప్పపోసి తగలబెట్టిన సీమ గుడ్డలకు మారుపేరు మాంచెస్టరే. ఆ పట్టణంలో 1878లో రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులోని పనివారు పెట్టుకున్న ఆటల జట్టే, 1902లో మాంచెస్టర్ యునైటెడ్ అని పేరు మార్చుకుంది. ఈనాడు అది కోట్లకు పడగలెత్తిన క్లబ్బు కావచ్చు గాని, పుట్టుకలో మాత్రం చెమటోడ్చేవారి జట్టే.

ఆ క్లబ్బు పెద్ద కష్టం కూడా చూసింది. 1958 ఫిబ్రవరి 6న జర్మనీలోని మ్యూనిక్‌లో, మంచు బురద పట్టిన రన్‌వే మీద వారి విమానం పైకి లేవలేక కూలిపోయింది. 23 మంది మరణించారు. వారిలో ఆటగాళ్ళు 8 మంది. పత్రికా విలేకరులు కూడా 8 మంది. క్లబ్బు కార్యదర్శి, శిక్షకులు మరో ముగ్గురు. మృత్యుముఖం నుంచి బయటపడిన మేనేజరు మాట్ బస్బీ, మళ్ళీ మొదటి నుంచి జట్టును కూడగట్టి, సరిగ్గా పదేళ్ళకు, 1968 మే 29న, పోర్చుగల్‌కు చెందిన బెన్ఫికా జట్టును 4-1తో ఓడించి యూరపు కప్పు గెలిచాడు. ఇంగ్లాండు క్లబ్బు ఒకటి ఆ కప్పు గెలవడం అదే మొదటిసారి.

ఆ గెలుపు జరిగిన కొద్ది నెలలకే, అదే ఏడాది, కాత్ ఫిప్స్ ఆ క్లబ్బులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది.

గుమ్మంలో కనిపించే మొదటి ముఖం

ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద గంటలకొద్దీ కూర్చున్న రోజులు మన పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో ఆపరేటరంటే అవతలివారికీ ఇవతలివారికీ నడుమ వారధి. కాత్ ఉద్యోగం అక్కడ మొదలైంది. జార్జి బెస్ట్ అని ఆ కాలంలో ఆ జట్టులో వెలిగిపోయిన ఆటగాడు. అతనికి అభిమానుల ఉత్తరాలు వెల్లువగా వచ్చేవి. వాటికి జవాబులు పంపే పనిలో కూడా ఆమె చేయి ఉండేది. ఎక్కడి పిల్లవాడో ఆశపడి ఉత్తరం రాస్తే, దానికి తిరుగు జవాబు వచ్చిందంటే, వెనుక ఇటువంటి మనిషి ఒకరు ఉన్నారన్నమాట.

తరువాత ఆమె రిసెప్షన్ బల్ల దగ్గరకు మారింది. క్లబ్బులోకి అడుగుపెట్టినవారు ఎవరైనా మొదట చూసేది ఆమెనే. కోట్లు పోసి కొన్న ఆటగాడైనా, కొడుకును వెంటబెట్టుకుని బెదురుతూ వచ్చిన తండ్రి అయినా ముందు ఆ బల్ల దగ్గర ఆగవలసిందే.

ఆ బల్ల ముందు నుంచి ఎంతమంది మేనేజర్లు వెళ్ళారో చూడండి. బస్బీ కాలంలో చేరిన మనిషి 2024 నవంబరులో వచ్చిన అమోరిమ్‌ను కూడా చూసింది. నడుమ 1986 నుంచి 2013 వరకు ఫెర్గూసన్ ఒక్కడే 26 ఏళ్ళకు పైగా ఏలాడు. ఆయన తప్పుకున్నాక పదకొండేళ్ళలో, కొద్ది వారాలు చూసినవారిని వదిలేసినా, ఏడుగురు మారారు. మేనేజర్లు మారారు, యజమానులు మారారు, ఆటగాళ్ళు కొన్ని వందల మంది వచ్చి వెళ్ళారు. ఆ బల్ల దగ్గర మనిషి మాత్రం మారలేదు. ఎక్కడికో వెళ్ళి పేరు తెచ్చుకుని మళ్ళీ వచ్చిన ఆటగాడికి, తనను పదిహేనేళ్ళ కుర్రవాడిగా ఎరిగిన మనిషి ఒకరు అక్కడ కనిపించేవారు. దాని విలువ జీతాల పుస్తకంలో రాసేది కాదు.

డేవిడ్ బెక్‌హామ్ పేరు మన కుర్రవాళ్ళందరికీ తెలుసు. లండన్ నుంచి చిన్న వయసులోనే ఇల్లు విడిచి మాంచెస్టర్ వెళ్ళినవాడు. కాత్ పోయాక అతను తలచుకున్నది తాను కొట్టిన గోల్స్‌ను కాదు. దిగులు పడకండి, మీ అబ్బాయిని నేను చూసుకుంటానని ఆమె తన తల్లిదండ్రులకు చెప్పిన మాటను తలచుకున్నాడు. చెప్పినట్టే చూసుకుందని కూడా అన్నాడు.

2024 డిసెంబరు మొదటి వారంలో, 85వ ఏట కాత్ ఫిప్స్ కన్నుమూసింది. ఆ వారం డిసెంబరు 7న సొంత మైదానంలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో ఆట. ఆటగాళ్ళు నల్ల పట్టీలు కట్టుకున్నారు. ఆమె కూర్చునే సీటులో పూలు పెట్టారు. ఆ రోజు మాంచెస్టర్ 2-3తో ఓడిపోయింది. గెలుపోటములు ఆటలో మామూలే గాని, ఫోను ఎత్తడంతో కొలువు మొదలుపెట్టిన మనిషికి పెద్దల వరుసలో ఒక సీటు ఉండటం, పోయాక ఆ సీటు మీద పూలు ఉండటం ముదావహం.

మా హాస్టలు కమాటి

ఈ వార్త చదివిన నాడు నాకు వెంటనే జ్ఞాపకం వచ్చింది మా హాస్టలు కమాటి.

నేను ఆరో తరగతిలో ప్రభుత్వ హాస్టల్లో చేరాను. మా నాయన రేకు పెట్టె దించి, తిరుగు బస్సుకు వేళయిందని వెళ్ళలేక వెళ్ళలేక నిలబడితే, ఆ కమాటి వచ్చి, "నువ్వెళ్ళన్నా, పిల్లోణ్ణి నేను చూసుకుంటాలే" అన్నాడు. నూరు మంది పిల్లల పేర్లు, వాళ్ళ నాయనల పేర్లు, ఊళ్ళ పేర్లు ఆయనకు నోటికి వచ్చు. పుస్తకం చూసేవాడు కాదు. చదువు రాదు కనుక చూసినా ప్రయోజనం లేదు. రాత్రిళ్ళు దుప్పటి తన్నేసిన పిల్లవాడికి మళ్ళీ కప్పేవాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు సైకిలు వెనుక కూర్చోబెట్టుకుని, జారిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని, ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. ఆటల పోటీలకు ముగ్గుపిండితో కోర్టు గీసేది కూడా ఆయనే. కబడ్డీ కప్పు గెలిచిన ఏడు తీసిన ఫోటో ఆ హాస్టలు గోడకు చాలాకాలం ఉండేది. అందులో మేము ఉన్నాము, వార్డెను గారు ఉన్నారు. ఆయన లేడు.

రిటైరైన కొన్నేళ్ళకు ఆయన పోయాడు. ఆ సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. నేను విలేకరిని. నాలుగు పంక్తుల వార్త పంపవచ్చు, పంపలేదు. కమాటి పోతే వార్త ఏమిటి అనుకున్నాను కాబోలు. అదే వారం ఒక నాయకుని జన్మదినానికి పండ్లు పంచిన వార్తను ఫోటోతో సహా పంపాను. మాంచెస్టరులో సీటు మీద పెట్టిన పూల సంగతి చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఎవరినీ నిందించే ముందు నన్ను నేను చెప్పుకోవడం న్యాయమని ఇక్కడ రాస్తున్నాను.

పూలు పెట్టిన చేత్తోనే

అయితే దొరల దేశంలో అంతా బాగున్నదని, మన దగ్గరే బాగులేదని నేను అనబోవడం లేదు. ఆమె పోయిన ఆ 2024 సంవత్సరంలోనే ఆ క్లబ్బు సుమారు 250 ఉద్యోగాలు తగ్గించే పని పెట్టుకుంది. 2025 ఫిబ్రవరిలో మరో 150 నుంచి 200 వరకు తగ్గిస్తామని ప్రకటించింది. సిబ్బందికి పెట్టే ఉచిత భోజనం మీద కూడా కోత పడింది. వరుసగా అయిదేళ్ళు నష్టాలు వచ్చాయని క్లబ్బు చెప్పిన కారణం. నష్టం వచ్చిన మాట నిజమే కావచ్చు. కాని ఆ నష్టం ఫోను ఎత్తేవారి జీతాల వల్లా, వంట చేసేవారి జీతాల వల్లా వచ్చి ఉంటుందని ఎవరూ అనుకోరు. ఒక్క ఆటగాడిని కొనడంలో జరిగిన పొరపాటుకు అయ్యే డబ్బుతో ఎందరో చిన్న ఉద్యోగులను ఏళ్ళ తరబడి పోషించవచ్చు.

కాత్ వంటి మనిషి ఒక్కరోజులో తయారు కాదు. ఒకేచోట నిలకడగా ఉండనిస్తేనే తయారవుతుంది. ఆ నిలకడ లేకుండా చేసి, పోయినవారికి పూలు పెట్టడం సగం మర్యాదే అవుతుంది.

మన సంగతీ ఇంతే. కమాటి, వంటమనిషి, స్వీపరు, వాచ్‌మన్ వంటి కొలువులు ఇప్పుడు చాలాచోట్ల పొరుగు సేవల మీద నడుస్తున్నాయి. కాంట్రాక్టరు మారితే మనిషి మారే ప్రమాదం. జీతం ఏ నెలకానెల వస్తుందన్న ధీమా లేదు. అటువంటి మనిషి నూరు మంది పిల్లల పేర్లు ఎందుకు నేర్చుకుంటాడు? నేర్చుకున్నా వచ్చే ఏడు అక్కడ ఉంటాడో లేదో. పిల్లవాణ్ణి హాస్టల్లో దించి బస్సెక్కే తండ్రికి, నేను చూసుకుంటాలే అని చెప్పే మనిషి ఒకడు అక్కడ స్థిరంగా ఉండాలి. ఇది దయ చూపించే విషయం కాదు, మన పిల్లల క్షేమానికి సంబంధించిన విషయం.

బతికుండగానే గౌరవం

పోయాక చేసే మర్యాద కన్నా ఉన్నప్పుడు చేసేదే గొప్ప. దీనికి కూడా అదే దేశంలో ఒక ఉదాహరణ ఉంది. స్టోక్ సిటీ అనే మరో క్లబ్బుకు 1991లో మేనేజరుగా వెళ్ళిన లూ మకారి అంతకుముందు 1973 నుంచి 1984 వరకు మాంచెస్టర్‌లో, అంటే కాత్ కొలువున్న క్లబ్బులోనే ఆడినవాడు. సర్కసులో జోకరు వేషం వేసిన నీల్ బాల్డ్విన్ అనే అతన్ని చేరదీసి, ఆటగాళ్ళ బట్టలు, సామాను చూసుకునే పని ఇచ్చాడు. నీల్‌ను చిన్ననాడు బుద్ధి ఎదగనివాడని ముద్ర వేశారు. అతను ఉంటే జట్టంతా నవ్వుతూ ఉండేది. కీల్ విశ్వవిద్యాలయం 2013లో అతనికి గౌరవ పట్టా ఇచ్చింది. 2014లో బి.బి.సి. వారు అతని జీవితాన్ని సినిమాగా తీశారు. 2019లో ప్రభుత్వ పతకం వచ్చింది. ఇవన్నీ అతను కళ్ళారా చూసుకున్నాడు.

మనకు పతకాలు ఇచ్చే అధికారం లేదు. కాని మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. సంక్రాంతికి ఊరూరా కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతాము. ముఖ్య అతిథులకు శాలువాలు కప్పుతాము. ఈసారి ఒక శాలువా ఎక్కువ కొని, తెల్లవారుజామున లేచి కోర్టుకు నీళ్ళు చల్లి గీతలు గీసిన మనిషికి కప్పుదాము. కప్పుతో జట్టు ఫోటో తీసేటప్పుడు ఆయనను కూడా పిలిచి మధ్యలో నిలబెడదాము. ప్రతి బడిలో హెడ్మాస్టర్ల పేర్లు రాసిన బోర్డు ఉంటుంది. దాని కిందనే అటెండర్ల పేర్లు, వారు పనిచేసిన సంవత్సరాలు రాయించడానికి ఒక రంగు డబ్బా చాలు. ఇక నెల జీతం నెలకు ఇవ్వడం, ఏళ్ళ తరబడి మంచిగా చేస్తున్నవారిని కాంట్రాక్టరు మారినా కదపకపోవడం అధికారుల చేతిలో ఉన్న పని. పెద్దలు ఆలోచించాలి.

రచ్చబండ దగ్గర కుర్రవాళ్ళకు కాత్ ఫిప్స్ సంగతి చెప్పాను. వాళ్ళకు తెలియదట. ఒకడు కాసేపు ఆలోచించి, తమ బడిలో గంట కొట్టే తాత ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో అని పక్కవాణ్ణి అడిగాడు. పై ఊరిలో కూతురి దగ్గర ఉన్నాడని వాడు చెప్పాడు. ఆదివారం వెళ్ళి చూసి వద్దామని అనుకున్నారు. నేనూ వస్తానని చెప్పాను. ఈసారి వార్త ఆలస్యం కానివ్వను.